చిన్న పురుగుల జాగ

"అవ్వా, ఈ సీసల ఎవరు చెయ్యి పెట్టిండ్రు?"

శారోన్ అరుపు కింది మరమగ్గాల చప్పుడును దాటి వినిపించింది. ఎమ్మెస్సీ లెక్కల ప్రాజెక్టు కోసం ఆ పిల్ల రెండు సీసాల మైదాలో, ఒక్కోదాంట్లో రెండు జాతుల పిండిపురుగుల్ని కలిపి పెంచుతోంది. రెండింటికీ అదే తిండి, అదే చోటు. పెద్ద జాతి నిలుస్తుందని, చిన్నది పూర్తిగా పోతుందని సమీకరణాలు తేల్చాయి. సోమవారం ప్రాజెక్టు ఇవ్వాలి. తీరా చూస్తే ఒక సీసాలో చిన్నవి పిల్లాపాపలతో కళకళలాడుతున్నాయి! పిండిలో ఎవరో వేసిన కరెంటు వైరు తొడుగు ముక్కలు; ఆ సన్నని గొట్టాల నిండా చిన్న పురుగుల పిల్లలే.

కండెలు చుడుతున్న గంగాబాయి తలెత్తలేదు.

"నేనే ఏసిన. పెద్దయి చిన్నవాటి పిల్లలను తింటయని నువ్వే చెప్తివి. దాక్కుంటయి గదా అని."

"ఒకటి పోవాలె అవ్వా, లెక్క గట్లనే ఉంటది! నా చదువంతా మట్టిల కలిపినవ్!"

అద్దెకు దిగిన నాటి నుంచి కన్నబిడ్డలా చూసుకున్న మనిషి మీద అరిచినందుకు శారోన్‌కి ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకుని మళ్లీ సీసా వంక చూసింది. గొట్టాలు లేని రెండో సీసాలో చిన్నవి ఎప్పుడో పోయాయి. దాక్కునే చోటుంటే ఒకదానివల్ల ఇంకోదానికి జరిగే నష్టం తగ్గుతుంది. ఆ నష్టపు అంకె తగ్గిస్తే సమీకరణం కూడా రెండింటినీ బతకనిస్తుంది. రెండు సీసాల సంగతీ పక్కపక్కన రాస్తే ప్రాజెక్టు గట్టెక్కుతుంది. కోపం పోయి సిగ్గేసింది.

"పురుగుల మీద గింత ప్రేమ, గింత పావురమేంది అవ్వా నీకు?"

గంగాబాయి ఇంకో కండె అందుకుంది. అదే ఇంట్లో ఉంటూ గంగాబాయిని అక్కా అని పిలిచే చంద్రవ్వ, రొట్టెలు చేస్తూనే జవాబిచ్చింది.

"అక్క తీరే గంత బిడ్డా. నేను భీవండికి వచ్చిన్నాడు మాకు గిదొక్కటే ఖోలి, గీ ఒక్క గదిలనే అందరం. కొన్ని దినాలు నా మొకం గూడ చూడలే. తర్వాత ఆ మూలకు చీర అడ్డం కట్టి, గిది నీ జాగ అన్నది. నా పిల్లలు గాడనే పెరిగిండ్రు."

"తోడబుట్టిన చెల్లెకు గా మాత్రం చెయ్యదా?"

చంద్రవ్వ నవ్వింది.

"నాకు తాళి కట్టింది అక్క మొగడే, బిడ్డా."