ఎర్ర ఫిర్యాదు

"యూచిన్ అక్కా, ఎర్ర ఫిర్యాదొచ్చింది!" అని గువో కేక పెట్టాడు.

చైనాలోని షెన్‌జెన్ నగరంలో ఆ ఫోన్ల కంపెనీ సొంతంగా తయారుచేసిన ఆపరేటింగ్ సిస్టమ్ విడుదల రేపే. ఎర్ర ఫిర్యాదు, అంటే అత్యవసరమైనది, ఒక్కటున్నా అది ఆగిపోతుంది. దాన్ని తయారుచేసిన జట్టుని నడిపే యూచిన్ గువో బల్ల దగ్గరికి పరుగెత్తింది.

"ఎవరు పంపారు?"

"మన ఇళ్లల్లోవాళ్లకి వాడి చూడమని ఈ ఫోన్లు ఇచ్చాం కదా, వాళ్లలో ఎవరో. వినండి," అని గువో చదివాడు.

"ఫోను బాగానే ఉంది నాయనా. దీన్ని చేసిన మా కోడలే వేళకి ఇంటికి రావట్లేదు. తామరదుంపల సూపు మాటిమాటికీ వేడిచెయ్యలేక చస్తున్నాను. ముందు దాన్ని బాగుచెయ్యండి."

అందరూ గొల్లుమన్నారు.

"మా అత్తయ్య! ఇది నాకెక్కడ అర్థమవుతుందని ఫోను బీరువాలో పడేసిందే!" యూచిన్ నవ్వు సగంలో ఆగింది. "ఆ ఫిర్యాదు బటన్ ఎక్కడో లోపలుంది. ఇంట్లో చూపించేవాళ్లు కూడా లేరు."

"అంటే ఆవిడే నేర్చేసుకున్నారు. ఇంకేం భయమక్కా, రేపు ఊరంతా వాడేస్తుంది!"

యూచిన్ ఇంటికి ఫోన్ చేసింది.

"అత్తయ్యా, వస్తున్నా. ఆ ఫోన్లో ఏం నచ్చలేదో తింటూ చెబుదురుగాని."

"చాలా ఉన్నాయి. పెందలాడే రా!"