చెవిలో చెప్పిన సినిమా

"ఏమంటాండాది మే ఆ పిల్ల?" సినిమా హాలు చీకట్లో రెబెకా తల వంచి అడిగింది.

"హాస్టల్‌కు కొత్తగా వచ్చినా, నీ పక్కన చోటుందా అంటాండాది," అరుణజ్యోతి ఆమె చెవిలో చెప్పింది.

"అంతసేపు మాట్లాడితే నువ్వు రెండు ముక్కలే చెప్తాండావే? తక్కినది మింగేసినావా?"

"గమ్మునుండు మే. ముందోళ్ళు తిరిగి చూస్తాండారు."

కన్నడ సీమలోని పావగడ అరుణజ్యోతి పుట్టినూరు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. ఏడాదికోసారి సోమందేపల్లె నుంచి తమ్ముడింటికి వచ్చేటప్పుడు రెబెకాను వెంట తెస్తుంది. అన్నం తిని ఇద్దరూ మ్యాట్నీకి పోతారు. ఆడేది కన్నడం సినిమా. రెబెకా తనకు కన్నడం రాదంటుంది. బెంగుళూరు గార్మెంట్స్‌లో కొన్నేళ్ళు కుట్టినా రాలేదట. "నా వరస మిషన్లన్నీ కదిరోళ్ళవే, అందరిదీ తెలుగే. ఇంక నాకెవరు నేర్పిస్తారు?" అంటుంది. అందుకే అరుణజ్యోతి పక్కన కూర్చుని చెవిలో చెప్పాలి.

ఈసారి సినిమాను రెబెకాయే ఎంచుకుంది.

"మగోళ్ళు నరుక్కునేది ఎన్నిసార్లు చూస్తాం? దీంట్లో చూడు, ఇద్దరూ ఆడోళ్ళే," అని గోడమీది పోస్టర్ చూపించింది.

సగం వరకు ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు. తరువాత తెరమీద హాస్టల్ సరుకుల గది కాలిపోయింది. దీపం ఆర్పడం ఎవరు మరిచారో చూపించలేదు. వార్డెన్ ఆ ఇద్దరు స్నేహితురాళ్ళలో దిక్కులేని పిల్లను బయటికి పంపేసింది. రెండో పిల్ల తలుపు వెనక నిలబడి చూస్తూ ఉండిపోయింది.

అరుణజ్యోతి తెర మీదినుంచి చూపు తిప్పుకుంది.

పెళ్ళిళ్ళు కాకముందు, అరుణజ్యోతి మగ్గం పనికని సోమందేపల్లెకు వచ్చిన కొత్తలో, ఇద్దరూ మగ్గాల యజమాని శ్రీరంగప్ప ఇంట్లో ఒకే మగ్గం మీద పనిచేసేవారు. పెద్దంచు పట్టుచీరకు ఇద్దరు కావాలి. ఒకరు నేస్తుంటే, రెండోవారు అవతలి అంచుకు పోగు కండె ఉన్న నాడె వేయాలి. మధ్యాహ్నం తిన్నాక ఒకరి తల ఒకరు దువ్వుకునేవారు. మళ్ళీ మగ్గంలో కూర్చోవాలంటే చేతులు సీకాయతో కడుక్కోవలసిందే. ఆరోజు రెబెకా అరుణజ్యోతికి నూనె పెట్టి జడ వేసింది. ఇద్దరూ కడుక్కున్నారు. కూర్చుంటూ అరుణజ్యోతి జడను ఒకసారి ముందుకు తీసుకుని సవరించుకుంది. అదే చేత్తో మగ్గం మీద పరిచిన పడుగు దారాలు ముట్టుకుంది.

అది పెళ్ళిచీర. లేత పసుపు పట్టుమీద నూనె వేళ్ళ మరక.

"నేతోళ్ళ ఇంట్లో పుట్టని పిల్లను మగ్గంలో కూర్చోబెట్టినా చూడు, నాదీ బుద్ధి తక్కువ!" శ్రీరంగప్ప అరిచాడు.

రెబెకా తన చేతులు వాసన చూసుకుంది. "నేనేనేమోలే అన్నా. సరిగా కడుక్కోలేదేమో," అంది.

అరుణజ్యోతి తల వంచుకుని నిలబడింది.

ఆ వారమే రెబెకా బెంగుళూరు బస్సెక్కింది. తిరిగి వచ్చినప్పుడు ఆమెకు మగ్గం ఇచ్చినవారు లేరు. శెనక్కాయ కూలికి పోయింది, ఇప్పటికీ పోతోంది. ఊరికి వచ్చిన పొద్దు మాత్రం ముందుగా వెతుక్కుంటూ వచ్చింది అరుణజ్యోతి ఇంటికే.

నిజం చెప్పేయాలని అరుణజ్యోతి ఏటా పావగడ బస్సులో అనుకుంటుంది. చెప్తే ఈ మనిషి రేపటినుంచి తన గడప తొక్కదేమోనని ఏటా నోరు మూసుకుని సోమందేపల్లెలో దిగుతుంది.

సినిమా చివరికొచ్చింది. తలలు నెరిసిన ఆ హాస్టల్ పిల్లలిద్దరూ ఒక మెట్టు మీద కూర్చున్నారు. ఒకామె ఏడుస్తూ, దీపం మరిచింది నువ్వు కాదు, నేను, అంది.

"ఏమనింది మే?" రెబెకా అడిగింది.

అరుణజ్యోతి ఆమె చెవి దగ్గరికి వంగింది. "దీపం గాలికి పడిందంట. ఎవరి తప్పూ లేదంట."

ఆ అబద్ధం కూర్చుకునే హడావుడిలో, తెరమీద రెండో ఆమె చెప్పిన జవాబు ఆమె చెవిన పడలేదు. హాల్లో ఆడవాళ్ళు ముక్కులు చీదుకుంటున్నారు.

"ఆ రెండో ఆమె ఏమనింది?"

"సరేలే అనింది."

"అంతసేపు మాట్లాడి, సరేలే అనిందా?"

"ఊ."

రెబెకా ఆమె ముఖంలోకి చూసింది. ఇంకేమైనా చెప్తుందేమోనన్నట్టు కాసేపు ఆగింది.

"నువ్వు చెప్తే సరే మే," అని కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

బయట ఎండ మండుతోంది. మజ్జిగ తెస్తానని చెప్పి అరుణజ్యోతి ఎదురుగా ఉన్న అంగడికి పోయింది. ఆమెకు కావలసింది మజ్జిగ కాదు, ఒంటరిగా కాసేపు. ఇద్దరు ముసలివాళ్ళు ఆ మెట్టు మీద కూర్చున్న తీరు కళ్ళముందు నుంచి పోవడం లేదు. సినిమాలో బొమ్మకు ఉన్న ధైర్యం తనకు లేకపోయింది. 'ఆ పొద్దు పడుగు ముట్టుకున్నది నేను మే,' అని పెదవులు కదిపి చూసుకుంది. మాట బయటికి వచ్చింది. ఈసారి బస్సు దాకా ఆగకూడదు. ఇక్కడే, ఈ గోడ నీడలోనే చెప్పేయాలి. ఆ తరువాత రెబెకా తిట్టనీ, కొట్టనీ, మాట మానేయనీ.

రెండు మజ్జిగ ప్యాకెట్లు పట్టుకుని తిరిగి చూసింది. తరువాతి ఆటకు వచ్చిన ఒకామె రెబెకాను ఆపి, సినిమా ఎలా ఉందని కన్నడంలో అడుగుతోంది. పాపం దీనికేం అర్థమవుతుంది, తనే జవాబు చెప్పాలని అరుణజ్యోతి గబగబా నడిచింది.

దగ్గరికి చేరేసరికి రెబెకా ఎక్కడా తడుముకోకుండా, తేట కన్నడంలో ఆమెకు చెప్తోంది: "తప్పు చేసిన పిల్ల ఆఖరికి ఒప్పుకుంటుందక్కా, కానీ రెండో పిల్లకు అది మొదటినుంచీ తెలుసు, తెలిసే నింద తన మీద వేసుకుంది, ఆ ఒక్క మాట స్నేహితురాలి నోటితో వినాలనే తల నెరిసేదాకా పక్కన కూర్చుని కాచుకుంది."