కుడి గొట్టంలో మసి

ఆ వేళ రిసాలిలోని ఇంట్లో ముగ్గురే ఉన్నారు: తాత నరసింగరావు, బాబాయి ఉదయ్, సెలవులకి సొంతూరి నుంచి వచ్చిన మనవరాలు భాగ్యరేఖ.

మొన్న పెళ్లి ఊరేగింపులో ఎవరో తుపాకీ పేలిస్తే బ్యాండువాడి మోకాలు చితికింది. సాయంత్రం పోలీసులొచ్చి తాత తుపాకీ కూడా చూస్తారట. తాత ఆ పాత రెండు గొట్టాల తుపాకీ విప్పి, గొట్టాలు కిటికీ వైపు పెట్టాడు.

"నాకు సూపు ఆనదు. నువ్ సూడమ్మా."

భాగ్యరేఖ ఒక కన్ను మూసింది. "ఎడమది అద్దంలా ఉంది తాతా. కుడిదాన్లో మసుంది."

"అరే, పాత మసి నాన్నా! కసమ్, ఒట్టు, నాను ముట్టుకోనేదు," అన్నాడు ఉదయ్.

తాత గొట్టం వాసన చూశాడు. "దసరాకి రెండూ నానే తుడిసినాన్రా."

తర్వాత ఆమె వైపు తిరిగి మెల్లగా అన్నాడు. "మళ్లీ సూడు తల్లీ. బాగా సూసి సెప్పు."

తన మాట నమ్మలేదనుకుని ఆమె ఇంకా శ్రద్ధగా చూసింది.

"నల్లగానే ఉంది తాతా."

తాత నూనెగుడ్డ అందుకున్నాడు. మసి లేదని చెప్పించడానికే రెండోసారి అడిగాడని అప్పుడర్థమైంది ఆమెకి.

"తాతా, బ్యాండాయన..."

"ఎవరడిగినా నువ్వేటీ సూడనేదు."

బాబాయి తలెత్తలేదు. తాతే ఆమెని భుజం పట్టి గుమ్మం దాటించి, తలుపు మూశాడు.