నాలుగు కిలోల చిక్కుళ్ళు

“చిక్కుడు గింజలు కూడా మత్తుమందేనా?” వెర్నా స్టిడమ్ ప్రాసిక్యూటర్ బల్ల మీద అరచేత్తో ఒక్కటి చరిచింది.

ప్రాసిక్యూటర్ కార్ల్‌టన్ మీడ్ ఉలిక్కిపడలేదు. ముందున్న కాగితాన్ని ఆమె వైపు తిప్పాడు.

“చట్టం నేను చేసింది కాదమ్మా. పోయిన వసంతంలో రాజధానిలో పాసు చేశారు. ఫెంటనిల్ మత్తుమందు దేంట్లో కలిస్తే దాని బరువంతా లెక్కే. ఇరవై ఎనిమిది గ్రాములు దాటితే అమ్మేవాడి కింద జమ. పదేళ్ళకు తగ్గకుండా జైలు.”

“మావాడి దగ్గరున్నది అర గ్రాము!”

“షెరీఫ్ మనుషులు తలుపు తట్టగానే మీ మనవడు రస్టీ దాన్ని పొయ్యి మీది గిన్నెలో పారేశాడు. గింజలూ నీళ్ళూ కలిపి నాలుగు కిలోలు.”

గుమ్మం దగ్గరున్న డిప్యూటీ ఓరిన్ ఇకిలించాడు. ఆ గిన్నెను పొగలు కక్కుతుండగానే మోసుకొచ్చిన మొనగాడు అతనే.

“పంది కొవ్వు ముక్క కూడా తూచారా?”

“తూచాం.”

“ఉల్లిపాయ?”

“అదీ.”

“ఇనుప గిన్నెను వదిలేశారే, పాపం!”

“గిన్నె కరగలేదు కదా. చట్టం అంత అన్యాయంగా ఉండదు,” అన్నాడు మీడ్, ఆ మాట నిజంగానే నమ్ముతూ.

వెర్నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రస్టీకి ఇరవై రెండేళ్ళు. మత్తు మాన్పించే కేంద్రంలో చేరతానని మొన్న ఆదివారమే ఒప్పుకున్నాడు.

“లా చదివావా నాయనా, కూరగాయల కొట్టులో తూకం నేర్చావా? వాడు బావిలో పారేసుంటేనో?”

“అంత పెద్ద కాటా మా దగ్గర లేదమ్మా.”

“సరే, నీ దారిలోనే మాట్లాడతా. ఆ గింజలు వాడివి కావు. కొన్నది నేను, నానబెట్టింది నేను, వండింది నేను. అందులో వాడిదంటూ ఉన్నది ఆ అర గ్రామే. నా సొత్తు వాడి నెత్తిన ఎలా రుద్దుతావు?”

మీడ్ తలెత్తాడు. “మిగతాదంతా మీదేనా?”

“గింజ గింజా నాదే. కావాలంటే రాసుకో!”

రాసుకున్నాడు. కాగితం ఆమె ముందుకు జరిపాడు. వెర్నా కళ్ళద్దాలు సవరించుకుని, పేరంతా వచ్చేలా సంతకం చేసింది.

“మీరన్నది సబబే,” అన్నాడు మీడ్ మర్యాదగా. “రస్టీ మీద ఇక అర గ్రాము కేసే ఉంటుంది.”

వెర్నా గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. చేతిసంచీ తీసుకుని లేచింది.

“ఓరిన్,” అన్నాడు మీడ్, “మిగతా నాలుగు కిలోలకూ ఈవిడకి బేడీలు వెయ్యి.”