కథ ఎవరు చెప్పాలి?

"మా అమ్మను గుద్ది చంపినోని నోట్లె 'నేను' అని పెట్టాల్నా?" కమలాకర్ సార్ కాగితాలు టేబుల్ మీదికి విసిరాడు.

నకిరేకల్‌లో తెలుగు టైపింగ్ చేసే విజేందర్ తలొంచుకున్నాడు. ఎంతమంది వచ్చి కూర్చున్నా సార్ కథే ముందు టైపు చేసిపెట్టే మనిషి, ఇవాళ అడగని సలహా ఇచ్చి తిట్లు తింటున్నాడు.

కథ సార్ సొంత గోడే. హైవే దాటుతున్న తల్లి నర్సింగమ్మను ట్రాలీ ఆటో గుద్దింది. డ్రైవర్ దొరకలేదు. ఏడాది తిరక్కుండానే మూడుసార్లు రాశాడు, మూడుసార్లూ పత్రికల నుంచి తిరిగొచ్చింది. కొడుకు చెబితే ఏడుపే మిగిలిందన్నారు. ఎవరో దూరం నుంచి చూసినట్టు రాస్తే పోలీసు రిపోర్టులా ఉందన్నారు. అమ్మ సంవత్సరీకం లోపు అచ్చులో చూడాలని సార్ పంతం.

"డ్రైవర్ చెప్తేనే కథ నిలవడ్తది సార్. గాడ ఉన్నది వాడొక్కడే గద."

మాట నిజమే. సార్ కోపం మింగి, కుర్చీ లాక్కుని, చెబుతాను కొట్టమన్నాడు.

"నేను గుద్దాను. బండి ఆపలేదు. వెనక్కి తిరిగి చూడలేదు..."

కీబోర్డు చప్పుడు ఆగిపోయింది.

"ఆపిండు సార్," అన్నాడు విజేందర్, కళ్లు తెర మీంచి తిప్పకుండా. "దిగి ఆమె తల ఒళ్లె పెట్టుకున్నడు. నీళ్లు తాపిండు. అంబులెన్స్‌కు ఫోన్ చేసిండు."

కల్పన బాగానే ఉందిగానీ, అంత మంచితనం అంటగడితే చదివేవాళ్లు నమ్మరని సార్ కొట్టిపారేశాడు.

"ముసలామె తన ఫోన్ చేతిల పెట్టింది సార్. మా కొడుకు గొంతు ఒక్కసారి ఇనిపియ్యి బిడ్డా అన్నది."

ఆ మధ్యాహ్నం సార్ మహబూబ్‌నగర్ కథల సభలో మైకు ముందుండగా అమ్మ నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఆ సంగతి మూడు కథల్లో ఎక్కడా రాయలేదు. భార్య సుహాసినికి కూడా చెప్పలేదు.

లేచి విజేందర్ కాలర్ పట్టుకున్నాడు. "నువ్వేనారా?"

విజేందర్ విడిపించుకోలేదు.

"నేనే సార్. టైపింగ్ పని లేనప్పుడు ట్రాలీ నడిపేటోన్ని. అంబులెన్స్ కనవడంగనే భయమేసి ఉరికిన. పోలీసులకు పట్టియ్యుండ్రి, ఒప్పుకుంట. గని నేను ఆగిన సార్. రెండుసార్లు ఫోన్ చేసిన. రెండుసార్లూ మీరే కట్ చేసిండ్రు."