గిడ్డయ్య పెట్టెలో మధ్యమం

"ఆ మూతలో స్క్రూడ్రైవర్ పెట్టినావంటే చెయ్యి ఇరగ్గొడతా, దావీదురాజూ" అంది తిరుపతమ్మ.

దావీదురాజు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. డోన్‌లో హార్మోనియంలు బాగుచేసేది అతనే. ముందున్నది తిరుపతమ్మ మొగుడు గిడ్డయ్య వాయించిన పెట్టె. గిడ్డయ్య పోయినా ఆయన కట్టిన కీర్తనలు కర్నూలు, కడప కచేరీల్లో మోగుతూనే ఉన్నాయి. రేపు ఆయన పేరుమీద సభ. రాతిపలక కూడా తయారైంది. దానిమీద గిడ్డయ్య పేరుకంటే పైన, పెద్ద అక్షరాల్లో, 'సప్తస్వరాలు ప్రసాదించిన గురువు వెంకటరమణయ్య' అని చెక్కించాడు సభ పెద్ద రాఘవేంద్రప్రసాద్. ఎదురుగా కుర్చీలో కూచున్న ఈయనకు ఆ గురువు తాత. ఆ మాట చెరపనిదే పలక లేవనివ్వనని తిరుపతమ్మ మొండికేసింది.

వీళ్ల మధ్య హరిత టేపురికార్డరు పట్టుకుని కూచుంది. గిడ్డయ్య సంగీతం మీద పరిశోధన చేస్తూ కడప నుంచి వచ్చింది. ఆమెకు కావలసింది ఒక్కటే. గిడ్డయ్య ఏ కీర్తనలోనూ మధ్యమం, అంటే మ స్వరం, లేదు. గాంధారం నుంచి పంచమానికి దూకుడే. ఎందుకు? అది వైరాగ్యమని ఒక పండితుడు రాశాడు, యోగరహస్యమని ఇంకొకడు. ఇంటికొచ్చి అడిగినవాడు లేడు.

హరిత మెట్లు నొక్కి చూసింది. గ పలికింది, ప పలికింది. మధ్యలో ఉత్త గాలి.

"ఇది ఎప్పుడు మూగపోయింది అవ్వా?"

"ఇచ్చేటప్పుడే మూగది పాపా. ఈయప్ప తాత అరుగు మీద కూచోని పాడేది, మా ఆయన కింద దుమ్ములో కూచోని నేర్చేది. కొత్త పెట్టె కొన్నాక పాతది దానం చేసినాడు. చేసే ముందర మ కింద గుడ్డలు కుక్కినాడు. దుమ్ములో కూచునేటోనికి అన్ని స్వరాలూ ఎందుకని."

రాఘవేంద్రప్రసాద్ మొహం కందగడ్డ అయింది. తన తాతకు శిష్యుడంటే ప్రాణమన్నాడు. ముసలితనంలో ఆ అరుగు మీద గిడ్డయ్య కీర్తన పాడుకోనిదే తాత పొద్దున కాఫీ ముట్టేవాడు కాదన్నాడు. చివరికి పందెం వేశాడు. "పెట్టె ఇప్పించి చూద్దాం. మా తాత గుడ్డ దొరికితే పలక నేనే పగలగొట్టిస్తా. దొరక్కపోతే నోరు మూసుకోని సభకు రా."

తిరుపతమ్మ మూతమీద చెయ్యి అడ్డం పెట్టింది. చూస్తే తెలిసిపోతుంది కదా అవ్వా అని హరిత బతిమాలింది. ముసలామె కాసేపు పెట్టెకేసి చూసి, మూతమీంచి చెయ్యి తీసేసింది.

దావీదురాజు మూత లేపాడు. లోపల స్వరాలు పలికించే ఇత్తడి రీడ్లన్నీ బాగున్నాయి. తుప్పు లేదు, విరగలేదు. మధ్యమాల కింద మాత్రం గుడ్డ పీలికలు బిగించి ఉన్నాయి. హరిత ముందుకు వంగింది. అతను ఒకటి బయటికి లాగాడు.

పసుపు గుడ్డ. ఎర్ర అంచు.

రాఘవేంద్రప్రసాద్ నవ్వాడు. "ఏమ్మా తిరుపతమ్మా, మా తాత చీరలు కట్టేవాడా? ఇంట్లో మీరే కుక్కుకోని సచ్చినోళ్ల మీద తోస్తాండారే."

దావీదురాజు తల వంచుకున్నాడు. హరిత చెయ్యి టేపు ఆపేందుకు బటన్ మీదికి పోయింది.

"అది ఆపొద్దు పాపా" అంది తిరుపతమ్మ. పీలికను మోకాలి మీద పెట్టుకుని సాపు చేసింది. "నాదే. పెండ్లి చీర కొంగు."

"ఇన్నావా, తనే ఒప్పుకుంటాండాది" అన్నాడు రాఘవేంద్రప్రసాద్ హరితతో.

"మీ తాత కుక్కినవి పంచె పీలికలు. పెండ్లయినాక మా ఆయన పెట్టె ఇప్పి చూసి, వాటిని పీకి పొయ్యిలో ఏసినాడు. మ పలికింది. కండ్లు మూసుకోని తనివి తీరా వాయించుకున్యాడు. అయిపోయినాక నా కొంగు సించి మళ్ల తనే కుక్కినాడు."

"తనే ఎందుకు కుక్కుకున్నాడు అవ్వా?" హరిత గొంతు తగ్గింది.

తిరుపతమ్మ పీలికను దావీదురాజు చేతిలో పెట్టి, ఉన్నచోటే బిగించమని సైగ చేసింది. తర్వాత రాఘవేంద్రప్రసాద్ వైపు తిరిగింది.

"అప్పుడు నేనూ అదే అడిగినా. 'ఆయప్ప ఇయ్యనిది నాకొద్దు, అది లేకుండానే పాట కట్టి, ఒగనాటికి ఆ అరుగు మీద ఆయప్ప నోటితోనే పాడిస్తా' అన్యాడు."