ఆదెమ్మ గింజలు

అంకమరావు సంతకం పెట్టనని తెగేసి చెప్పాడు. పొద్దుటి నుంచి చెక్కబల్ల మీద కూర్చుని కూర్చుని అతని నడుము పట్టేసింది.

ప్రయోగశాలలో గాజుగిన్నెల నిండా ఆవగింజలంత మెదళ్లు మినుకుమినుకుమంటున్నాయి. ఏ పురుగుమందైనా కొట్లోకి రాకముందే వాటి మీద ఒక చుక్క వేసి, వెలుగు ఆరిపోతుందేమో చూస్తారు. చివరి వరసలోవి అతని భార్య ఆదెమ్మవి. పోయేముందు ఆమె ఇచ్చిన చర్మం ముక్క నుంచి పెంచారు. వాటిని వాడుకోవడానికి ఇచ్చిన ఐదేళ్ల గడువు ఈరోజుతో తీరింది; పొడిగించాలంటే అతని సంతకం కావాలి.

"బతికుండగా మింగిన విషం చాల్లేదా దానికి? చచ్చాక గూడా పోస్తారా?"

"వాటికి నొప్పి తెలీదు పెదనాన్నా," అంది అక్కడ పనిచేసే సుహాసిని.

"తెలీదని అవి చెప్పినయ్యా?"

ఆ పిల్ల నవ్వబోయి మానుకుంది. జిల్లాలో అందరి వాటికన్నా ముందు ఆరిపోయేవి ఆదెమ్మ గింజలేనని, వాటిని చూసే నిరుడు మూడు మందులు ఆపేశారని చెప్పింది.

"అయితే దాన్నొదిలేసి నా చర్మం కోసుకోండి."

"ఆమెతోపాటే మీదీ తీసుకున్నాంగా. ఎంత మందు పోసినా మీవి చెక్కుచెదరవు."

అంకమరావు తల వంచుకున్నాడు. ముప్పై ఏళ్లు పత్తిచేలో మందు కొట్టింది తను. డ్రమ్ములో మోచేతి దాకా చెయ్యి పెట్టి కలిపింది ఆదెమ్మ. కళ్లు తిరుగుతున్నాయని ఆమె కూలబడినప్పుడల్లా, "నాకు లేని రోగం నీకెక్కడిదే?" అని కసిరేవాడు.

కాగితం దగ్గరికి లాక్కుని సంతకం పెట్టాడు.

"మీరన్నా దాని మాట నమ్మండి," అని లేచాడు.